ముప్పది మిల్లీగ్రాముల ప్రమాణము - మూసీ నది

మన దేశములో మురుగునీటిని శుద్ధిచేసి ఏటిలోనికి వదలుటకు ఇచ్చు అనుమతి పత్రములలో చిరకాలముగా ఒక అంకె కనిపించుచున్నది: లీటరుకు 30 మిల్లీగ్రాములు. శుద్ధి కేంద్రములోని ఇంజనీరు ఆ అంకెను చూచి తన పని చక్కగా జరిగినదని సంతోషించును. తనిఖీకి వచ్చిన అధికారి దానిని చూచి సంతకము చేయును. నది బాగుపడినదా లేదా అని వ్రాయవలసిన పత్రికలవారు కూడ దానినే చూతురు. కాని ఈ అంకె ఎక్కడనుండి వచ్చినది, ఏ నదిని చూచి నిర్ణయింపబడినది, దానికి కట్టిన నిబంధన యేమి, అని సామాన్యముగా ఎవరును అడుగరు. అడిగి చూచినచో మన జలకాలుష్య విధానములోని ఒక పెద్ద లోపము బయటపడును.

ముందుగా ఆ అంకె దేనిని కొలుచునో తెలిసికొనవలెను. చేప పీల్చు ఆమ్లజని గాలినుండి నీటిలో కరగి చేరును. అది చాల స్వల్పము. 20 డిగ్రీల వెచ్చదనముగల లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే పట్టును. మలము, గంజి, నూనె, రక్తము వంటి సేంద్రియ పదార్థములు నీటిలో పడినప్పుడు సూక్ష్మజీవులు వాటిని తినుచు, ఆ పనికి ఈ కరగిన ఆమ్లజనినే వాడుకొనును. తిండి ఎక్కువైనచో సూక్ష్మజీవులు పెరుగును, ఆమ్లజని అడుగంటును, చేపలు చచ్చి తేలును. ఆ పిమ్మట ఆమ్లజనితో పనిలేని మరియొక తెగ సూక్ష్మజీవులు బయలుదేరి, నీటిలోని గంధకపు సమ్మేళనములనుండి హైడ్రోజన్ సల్ఫైడు వాయువును పుట్టించును. వేసవి సాయంకాలము చాదర్‌ఘాట్ వంతెనమీదుగా నడచిపోవు వారికి ఆ వాసన కొత్త కాదు.

ఈ ఆమ్లజని ఖర్చును కొలుచు పద్ధతి సులభమైనది. మురుగునీటి నమూనాను తగినంత మంచినీటితో పలుచబరచి, సీసాలో నిండుగా పోసి, బిరడా బిగించి చీకటిలో ఉంచుదురు. వెలుతురు తగిలినచో అందులోని నాచు ఆమ్లజనిని తయారుచేసి లెక్కను పాడుచేయును గనుక చీకటి అవసరము. మన దేశములో 27 డిగ్రీలవద్ద మూడు దినములు ఉంచి, మొదటను చివరను ఉన్న ఆమ్లజనిని కొలిచి, తరిగిన దానిని లీటరుకు లెక్కగట్టుదురు. దీనికే జీవరసాయనిక ఆమ్లజని అవసరము అని పేరు. ప్రయోగశాలలలో అందరును బి.ఓ.డి. అనియే పిలుతురు. శుద్ధిచేయని నగరపు మురుగులో ఇది 200 ప్రాంతమున ఉండును. చెడని ఏటినీటిలో 2 మించదు.

ఈ కొలతకు విధాన గౌరవము తెచ్చినది ఇంగ్లండు. అచ్చట 1898 లో మురుగునీటి విసర్జనపై నియమింపబడిన రాయల్ కమిషన్ 1915 వరకు పనిచేసి అనేక నివేదికలు వెలువరించినది. వాటిలో 1912 నాటి ఎనిమిదవ నివేదిక ప్రపంచమంతట ప్రసిద్ధి పొందినది. కమిషన్ సభ్యులు నదులను చూచి, ఆ రోజులలోని ఐదు దినముల పరీక్ష ప్రకారము నదీజలపు బి.ఓ.డి. 4 దాటినచో నది చెడుటకు గుర్తులు కనిపించునని గ్రహించిరి. మురుగు కలియక పూర్వము నది నీరు 2 ఉండుననుకొనిరి. మురుగు ఒక పాలుకు నది నీరు కనీసము ఎనిమిది పాళ్లు ఉండుననుకొనిరి. ఇక లెక్క చిన్నపిల్లలకు కూడ తెలియును. ఎనిమిది పాళ్ల నదీజలము రెండేసి చొప్పున 16, ఒక పాలు మురుగు 20, మొత్తము 36. దీనిని తొమ్మిది పాళ్లకు పంచినచో 4. కాబట్టి శుద్ధిచేసిన మురుగు 20 లోపున ఉండవలెనని కమిషన్ చెప్పినది. తేలియాడు ఘనపదార్థము 30 లోపున ఉండవలెననియు చెప్పినది.

ఇందులో గమనింపవలసిన విషయము ఆ 20 కన్న ఆ ఎనిమిది పాళ్లు. నదిలో నీరు అంతకు ఎన్నో రెట్లు ఉన్నచో ప్రమాణమును సడలింపవచ్చుననియు, అంతకన్న తక్కువైనచో మరింత కఠినము చేయవలసి యుండుననియు కమిషన్ స్పష్టముగా వివరించినది. అనగా మురుగు ప్రమాణము నది ప్రమాణమునుండి పుట్టినది. ముందు నది ఎంత భరింపగలదో చూచి, తరువాత మురుగు ఎంత ఉండవచ్చునో నిర్ణయించిరి. ఈ వరుసను తలక్రిందులు చేసినచో మిగులునది అంకె మాత్రమే.

మన దేశములో 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద వెలువడిన సాధారణ ప్రమాణములలో నదులలోనికి, చెరువులలోనికి వదలు నీటికి బి.ఓ.డి. పరిమితి 30 అని ఉన్నది. నిండుగా పారు గోదావరికైనను, చైత్రమాసములో ఇసుక తేలిన వాగుకైనను ఆ ముప్పదియే. దేశమంతటికి ఒకే ప్రమాణము ఉండుటలో సౌకర్యములు లేకపోలేదు. ఒక రాష్ట్రము కఠినముగాను, పొరుగు రాష్ట్రము మెత్తగాను ఉన్నచో కర్మాగారములు మెత్తనిచోటికి తరలిపోవును. తనిఖీ చేయువారికి ఒకే అంకె సులభము. న్యాయస్థానములో నిరూపించుటకు కూడ సులభము. ఈ కారణములను త్రోసివేయరాదు. కాని పాలనకు సులభమైనది నదికి చాలునా అనునది వేరు ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు మూసీని మించిన నది లేదు. మూసీ వికారాబాదు వద్ద అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరమధ్యమున ప్రవహించి, సుమారు 240 కిలోమీటర్లు సాగి, నల్లగొండ జిల్లా వాడపల్లివద్ద కృష్ణలో కలియును. 1908 సెప్టెంబరు 28 న దానికి వచ్చిన వరద వేలమందిని పొట్టబెట్టుకొన్నది. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై మూసీమీద ఉస్మాన్‌సాగరు (1920), దాని ఉపనది ఈసీమీద హిమాయత్‌సాగరు (1927) నిర్మింపబడినవి. వరద భయము తీరినది. నగరమునకు త్రాగునీరు కూడ దొరికినది. ఆ రెండు ఆనకట్టల ఇంజనీరింగును తప్పుపట్టుటకు ఏమియు లేదు. కాని వాటి ఫలితముగా, వానలు వెనుకబట్టిన తరువాత నగరములో ప్రవేశించు మూసీలో పైనుండి వచ్చు మంచినీరు దాదాపు ఉండదు. నగరములో పారునది నగరము విడిచినదే. మురుగు ఒక పాలు, మంచినీరు సున్న పాళ్లు. ఇట్టి నదికి ఎనిమిది పాళ్ల ఊహమీద కట్టిన ప్రమాణపు బంధువును తెచ్చి తగిలించుట చొక్కా కొలతతో చెప్పులు కుట్టించుట వంటిది.

ఇంకొక తేడా కూడ ఉన్నది. ఇంగ్లండు కమిషన్ లెక్కలు 65 ఫారన్‌హీట్ డిగ్రీల, అనగా 18 సెంటిగ్రేడు డిగ్రీల, చల్లని నీటికి సంబంధించినవి. తెలంగాణ వేసవిలో ఏటినీరు 30 డిగ్రీలు దాటును. అందులో ఆమ్లజని తక్కువగా కరగును. సూక్ష్మజీవుల ఆకలి మాత్రము పెరుగును. ఆదాయము తగ్గి ఖర్చు పెరిగిన సంసారము ఎట్లుండునో అట్టి నదియే మనది.

మన శాసనకర్తలకు ఇదంతయు తెలియదా అనుకొనరాదు. నీరు రాష్ట్రముల అధికార పరిధిలోనిది గనుక, రాష్ట్ర శాసనసభల తీర్మానముల ఆధారముతో పార్లమెంటు 1974 లో జలకాలుష్య నివారణ, నియంత్రణ చట్టమును చేసినది. ఆ చట్టములోని 17 వ విభాగము రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలుల కర్తవ్యములను వరుసగా చెప్పుచున్నది. ఏదైన ఒక ప్రత్యేక నదిలోనికి వదలు మురుగునకు ప్రమాణము నిర్ణయించునప్పుడు, వానలేని కాలములో ఆ నదిలో దొరకు కనీసపు పలుచనను, మురుగు కలిసిన పిమ్మట ఆ నది నీటిలో ఎంత కాలుష్యము సహింపవచ్చుననుదానిని లెక్కలోనికి తీసికొనవలెనని అందులో ఉన్నది. సంవత్సరములో ఎక్కువ భాగము ఏళ్లలో చాలినంత నీరు లేని పరిస్థితులు మనకు ప్రబలముగా ఉన్నవి గనుక, మురుగును నేలపై వినియోగించు మంచి పద్ధతులను కనిపెట్టవలెనని కూడ ఉన్నది. ఈ మాటలు వ్రాసినవారు ఇంగ్లండు లెక్కను ఎరిగినవారు, మన ఎండిన ఏళ్లను కూడ కన్నులార చూచినవారు. ఇంత చక్కని నిబంధన చట్టములో ఉండగా, ఆచరణలో దాని స్థానమును ఒకే అంకె ఆక్రమించుకొన్నది. సాధారణ ప్రమాణముకన్న కఠినమైన ప్రమాణమును విధించు అధికారము రాష్ట్ర మండలులకు ఇప్పటికిని ఉన్నది. కాబట్టి లోపము చట్టములో లేదు. దానిని అమలుపరచు తీరులో ఉన్నది.

ఇక లెక్కకు వత్తము. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదులను ఉపయోగములను బట్టి వర్గీకరించినది. ఆరుబయట స్నానమునకు తగిన నీటిలో ఆమ్లజని 5 కు తగ్గరాదు, బి.ఓ.డి. 3 మించరాదు. 30 గల శుద్ధజలము ఈ స్థాయికి దిగవలెనన్నచో, దానిలో 2 గల మంచినీరు ఎన్ని పాళ్లు కలుపవలెను? గణితము చేసినచో 27 పాళ్లు తేలును. ప్రమాణము 20 అయినచో 17 పాళ్లు. 10 అయినచో 7 పాళ్లు. మూసీకి ఏడు పాళ్లు కాదు, ఒక పాలు కూడ లేదు. అనగా శుద్ధి కేంద్రములన్నియు ఏ లోపము లేకుండ పనిచేసి, ప్రతి దినము ప్రమాణమును అందుకొన్నను, నది మాత్రము స్నానయోగ్యము కాదు. పరీక్షలో అందరును ఉత్తీర్ణులై విద్యాలయము మాత్రము తప్పిపోవు విచిత్రమిది.

ఈ 10, 20, 30 అంకెలమీద పదేండ్లుగా పెద్ద వాదము నడచినది. 2015 లో కేంద్ర ప్రభుత్వము మురుగు శుద్ధి కేంద్రములకు 10 ప్రమాణమును ప్రతిపాదించినది. 2017 అక్టోబరులో వెలువడిన తుది ఉత్తర్వులో అది సడలి, మహానగరములకు 20, తక్కిన చోట్ల 30 అయినది. దీనిని ప్రశ్నించుచు వచ్చిన వ్యాజ్యములో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్ 30 న తీర్పు చెప్పుచు 10 వైపే మొగ్గినది. కఠినమైన ప్రమాణము కోరినవారి వాదము న్యాయమైనది. పై లెక్క వారి పక్షముననే ఉన్నది. అయినను ఈ వివాదములో మరుగుపడిన విషయము వేరొకటి కలదు.

కేంద్ర మండలి 2020-21 లెక్కల ప్రకారము దేశములోని నగరములు, పట్టణములు దినమునకు 7,237 కోట్ల లీటర్ల మురుగును పుట్టించుచున్నవి. శుద్ధి కేంద్రముల నిర్మిత సామర్థ్యము 3,184 కోట్ల లీటర్లు. నిజముగా శుద్ధి జరిగినది 2,024 కోట్ల లీటర్లు, అనగా నూటికి 28. ఇప్పుడొక ఊహాలెక్క చూడుడు. ఒక నగరపు మురుగులో సగము శుద్ధియై 30 తోను, సగము శుద్ధికాక 200 తోను నదిలో పడినదనుకొందము. రెండు కలిసిన పిమ్మట 115. శుద్ధి కేంద్రమును ఎంతో ఖర్చుపెట్టి 10 కి తెచ్చినచో 105. నదిలోని చేపకు ఈ రెంటికి భేదము తెలియదు. అదే ఖర్చుతో, శుద్ధికాని సగములో నాలుగవ వంతును గొట్టములలోనికి ఎక్కించి 30 కి తెచ్చినచో నదిలోని అంకె 94 కు దిగును. మొదట గొట్టము, పిమ్మట ప్రమాణము. హైదరాబాదులో ఇండ్ల మురుగు చాలచోట్ల వాననీటి నాలాలలో పడి, ఏ కేంద్రమును ముట్టకుండ మూసీకి చేరుచుండినది. ఈ లోపమును సవరించుటకు 2021 లో 31 కొత్త శుద్ధి కేంద్రములు మంజూరైనవి. వాటి సామర్థ్యము దినమునకు సుమారు 126 కోట్ల లీటర్లు, అంచనా 3,866 కోట్ల రూపాయలు. అంతకు ముందున్న 77 కోట్ల లీటర్లతో కలిపి, నగర సముదాయపు 195 కోట్ల లీటర్ల మురుగునకు కాగితముమీద ఇది సరిపోవును. ఇది మెచ్చుకొనదగిన ప్రయత్నము. నాలాలలోని నీటిని కేంద్రములవైపు మళ్లించు పని ఎంత పూర్తియైనదను దానిమీద దీని ఫలము ఆధారపడి యుండును. సామర్థ్యము వేరు, శుద్ధి వేరని అఖిలభారత లెక్కయే చెప్పుచున్నది.

అయితే మంచినీటి పాళ్ల మాట యేమి? దీనికి ప్రభుత్వము చూపుచున్న మార్గము గోదావరి. మల్లన్నసాగరునుండి 20 టి.యం.సి. ల గోదావరి జలమును తెచ్చు పథకమునకు 2025 లో శంకుస్థాపన జరిగినది. అందులో రెండున్నర టి.యం.సి. లు జంట జలాశయముల ద్వారా మూసీ పునరుజ్జీవనమునకు, తక్కినది త్రాగునీటికి అని ప్రకటించిరి. రెండున్నర టి.యం.సి. లు వినుటకు పెద్ద మాట. ఒక టి.యం.సి. అనగా 2,832 కోట్ల లీటర్లు. ఆ లెక్కన రెండున్నర టి.యం.సి. లను సంవత్సరమంతటికి పంచినచో దినమునకు 19 కోట్ల లీటర్లు చిల్లర వచ్చును. ఎదుట మురుగు 195 కోట్ల లీటర్లు. పలుచన పదవ వంతు పాలు. నగరపు మురుగంతయు 10 కి శుద్ధియైనదని ఉదారముగా ఒప్పుకొన్నను, ఈ గోదావరి జలము కలిసిన పిమ్మట నదిలో ఉండునది 9.3. వానలేని ఆరు నెలలకే కూడబెట్టి వదలినను 8.6 కు దిగదు. కావలసినది ఏడు పాళ్లు, దొరకునది ఐదవ వంతు పాలైనను కాదు. గోదావరి నీరు రాగానే మూసీ తేటపడునని నమ్మువారు ఈ భాగహారము ఒకసారి చేసికొనవలెను.

ఒడ్డులను అందగించు ప్రయత్నములకు కూడ ఇదే భాగహారము వర్తించును. అహమ్మదాబాదులో సబర్మతి ఒడ్డున రాతికట్టలు, ఉద్యానములు వెలసినవి. నగరమధ్యమున నర్మదా కాలువ నీరు నిండుగా కనిపించును. కాని నగరము దాటిన పిమ్మట ఆ నది ఎంత చెడినదనగా, 2021 లో గుజరాత్ హైకోర్టు ఆ విషయమును తనంతట తానే విచారణకు చేపట్టవలసివచ్చినది. నదిని నగరపు ఎల్లలలో మాత్రమే కొలుచువారికి ఈ ఫలితమే దక్కును.

ఇంతకును మూసీకి సొంత మంచినీరు ఎక్కడనుండి రావలెను? జంట జలాశయముల పరీవాహక భూములనుండియే. వాటి చుట్టును పది కిలోమీటర్లలో కాలుష్యకారకమైన పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించుచు 1996 లో 111 వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చినది. ఈ జలాశయములు నగరమునకు ప్రధాన త్రాగునీటి ఆధారములు కావన్న కారణము చూపి, 2022 ఏప్రిల్‌లో 69 వ నంబరు ఉత్తర్వు ద్వారా ఆ ఆంక్షలను ఎత్తివేసిరి. ఆ గ్రామములవారు పాతికేండ్లు తమ భూములపై ఆంక్షలను మోసిన మాట నిజము. వారికి నష్టపరిహారము ఇచ్చు ఆలోచన ఎన్నడో చేయవలసినది. కాని జలాశయమును త్రాగునీటి తొట్టిగా మాత్రమే చూచి, క్రింది నదికి అది తల్లి అని మరచుట ఆశ్చర్యకరము. ఒకవైపు వందల అడుగుల ఎత్తునకు గోదావరిని ఎత్తిపోయుచు, మరియొకవైపు ఊరి వానను చెడగొట్టుకొనుట ఏ గణితమునకు అందును?

ఇంతవరకు బి.ఓ.డి. సరియైన కొలత అను భావముతో చర్చ సాగినది. ఇప్పుడు ఆ కొలతనే పరీక్షింపవలెను. సీసాలోని సూక్ష్మజీవులు తినగలిగిన పదార్థమునే అది చూపును. ఉప్పును చూపదు, సీసమును చూపదు, ఔషధమును చూపదు. అంతకన్న విపరీతము వేరొకటి కలదు. నమూనాలో విషము ఉన్నచో సీసాలోని సూక్ష్మజీవులే చచ్చును. అవి చచ్చినచో ఆమ్లజని ఖర్చు కాదు. ఖర్చు కానిచో బి.ఓ.డి. తక్కువగా కనిపించును. అంటే, తగిన జాగ్రత్తలు తీసికొననిచో, విషజలమునకు మంచి మార్కులు పడు పరీక్ష ఇది.

హైదరాబాదు ప్రాంతములో ఇది పుస్తకములలోని అనుమానముగా మిగులలేదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో సుమారు 90 ఔషధ కర్మాగారముల నీటిని స్వీకరించు ఉమ్మడి శుద్ధి కేంద్రమునుండి బయటికి వచ్చు శుద్ధజలమును స్వీడను శాస్త్రజ్ఞుడు జోకిమ్ లార్సన్, ఆయన సహచరులు పరీక్షించి 2007 లో ఫలితములు ప్రకటించిరి. సిప్రోఫ్లాక్ససిన్ అను సూక్ష్మజీవ నాశక ఔషధము లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు అందులో కనిపించినది. మాత్ర మ్రింగిన రోగి రక్తములో ఉండు గరిష్ఠ పరిమాణముకన్న ఇది ఎక్కువ. కొన్ని సూక్ష్మజీవులను చంపుటకు చాలు పరిమాణమునకు వేయి రెట్లు మించినది. ఇట్టి నీటిలో బలహీనమైన సూక్ష్మజీవులు నశించి, మందునకు లొంగనివి మాత్రమే పెరిగి, ఆ లొంగని గుణమును ఇతర జాతులకు కూడ పంచును. రేపు ఆసుపత్రిలో మందు పనిచేయనప్పుడు దానికి మూలము వాగులో ఉండవచ్చును. ఆ నీరు ఇసుకవాగు, నక్కవాగుల ద్వారా మంజీరలో చేరుచుండినది. ఆ తరువాత దానిని 18 కిలోమీటర్ల గొట్టము ద్వారా నగరపు పెద్ద మురుగుకాలువకు కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రమునకు పంపిరి. మంజీర గోదావరికి ఉపనది, మూసీ కృష్ణకు ఉపనది. అనగా పరిష్కారము పేరిట సమస్య ఒక మహానది పరీవాహకమునుండి మరియొక మహానది పరీవాహకమునకు బదిలీ అయినది. పైగా అంబర్‌పేటలో మురుగును శుద్ధిచేయునవి సూక్ష్మజీవులే. వాటికి సూక్ష్మజీవ నాశకమును ఆహారముగా పంపుట యోచింపదగిన విషయము.

ఈ లోపమును ప్రభుత్వము గుర్తింపకపోలేదు. 2020 జనవరిలో ఔషధ కర్మాగారముల వ్యర్థజలములో ఒక్కొక్క సూక్ష్మజీవ నాశకము ఎంతవరకు ఉండవచ్చునో పరిమితులు చూపుచు చిత్తు నియమములు వెలువడినవి. ప్రపంచములో ఇట్టి ప్రయత్నము చేసిన దేశములు అరుదు. కాని 2021 ఆగస్టులో వచ్చిన తుది నియమములలో ఆ పరిమితులు లేవు. బి.ఓ.డి. పరిమితి మాత్రము యథాప్రకారము ఉన్నది. కొలుచుట కష్టమను వాదము వినవచ్చినది. కష్టమే కావచ్చును. ఔషధము అమ్మునప్పుడు మాత్రలో మిల్లీగ్రాము తేడా రాకుండ కొలుచు పరిశ్రమకు, అదే ఔషధమును కాలువలో కొలుచుట అసాధ్యమనుట మాత్రము నమ్మశక్యము కాదు.

కలుషిత నదుల జాబితాలు కూడ ఇదే కొలబద్దతో తయారగుచున్నవి. కేంద్ర మండలి 2018 లో 323 నదులపై 351 కలుషిత భాగములను గుర్తించినది. 2022 లో ఆ సంఖ్య 279 నదులపై 311 కి తగ్గినది. తగ్గుట సంతోషకరమే. కాని ఈ జాబితాకు ఆధారము బి.ఓ.డి. 3 దాటుట ఒక్కటియే. దాటినది 30 మించినచో మొదటి తరగతి, మూసీ 2018 లో చేరినది అందులోనే. ఒక నదీభాగము జాబితానుండి తొలగినదనగా అందులో ఆమ్లజని ఖర్చు తగ్గినదని అర్థము, అంతే. దాని అడుగుమట్టిలో ఏమున్నది, అందులోని సూక్ష్మజీవులు ఏ మందులకు లొంగుట మానినవి అనునవి ఆ జాబితాకు ప్రశ్నలే కావు.

ఇన్ని దోషములు చెప్పిన పిమ్మట మూసీ పక్షమున ఒక మంచి మాట కూడ చెప్పవలెను. నగరము దాటిన తరువాత ఆ నదిమీద పూర్వకాలమునుండి కత్వలు కలవు. రైతులు వాటివద్ద నీటిని నిలిపి కాలువలకు మళ్లించి వరిని, పశువులకు గడ్డిని పండించుచున్నారు. ప్రతి కత్వ వెనుక నిలిచిన నీటిలో మడ్డి అడుగునకు దిగును, ఎండ తగులును, నాచు ఆమ్లజనిని ఇచ్చును. ఈ కత్వలు వరుసగా పేర్చిన శుద్ధి కుంటలవలె పనిచేయుచున్నవని, సుమారు 40 కిలోమీటర్ల దూరములో బి.ఓ.డి., రోగకారక సూక్ష్మజీవులు, పేగుపురుగుల గ్రుడ్లు బాగుగా తగ్గుచున్నవని 2010 లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. ఉప్పు మాత్రము తగ్గలేదు, పెరిగినది. మురుగును నేలకు ఉపయోగించు పద్ధతులను కనిపెట్టవలెనని 1974 చట్టము కోరిన పని కొంత ఈ రీతిగా, ఎవరి ఉత్తర్వు లేకయే, రైతుల కాలువలవలన జరుగుచున్నది. దానికి మూల్యము కూడ రైతులే చెల్లించుచున్నారు. వారి భూములు చవుడుబారుచున్నవి, బావులు చెడుచున్నవి, మడిలో దిగినవారికి దురదలు తప్పుట లేదు. ఏ ప్రణాళికలోను వారి పేరు శుద్ధిదారుల జాబితాలో కనిపించదు.

విధానము మారవలసిన దిక్కు ఈ పరిశీలనలలోనే ఉన్నది. అనుమతి పత్రములో లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అను మాటతో పాటు దినమునకు ఇన్ని కిలోలు అను మాట ఉండవలెను. దినమునకు 195 కోట్ల లీటర్లు 30 చొప్పున వదలినచో నదిమీద పడు బరువు 58 టన్నులు మించును. 10 చొప్పుననైనను 19 టన్నులు దాటును. నగరము పెరుగుచున్న కొలది లీటరు అంకె మారకపోయినను టన్నులు పెరుగుచుండును. బరువును కట్టడి చేయని ప్రమాణము పెరుగు నగరమునకు చాలదు. గంగపై, ఉన్నావ్ వరకు, కాలమును బట్టి కనీస ప్రవాహము విడువవలెనని 2018 అక్టోబరులో కేంద్రము ఉత్తర్వు చేసినది. ఆ ఉత్తర్వు గంగకే పరిమితము. మూసీ వంటి నదులకు నీటిలెక్క లేనిదే మురుగులెక్క కుదరదు.

శిక్షల విషయము చర్చలో ఎక్కువ స్థలము ఆక్రమించును గాని దానికి అంత ప్రాముఖ్యము లేదు. 2024 సవరణ చట్టము అనేక ఉల్లంఘనలకు చెరసాల బదులు పదివేలనుండి పదిహేను లక్షల రూపాయల వరకు జరిమానా విధించినది. మొదట హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్‌లకు, కేంద్రపాలిత ప్రాంతములకు ఇది వర్తించినది. పాత చెరసాల శిక్షకు ఎందరు గురియైనారని అడిగినచో దాని పస తెలియును. కొత్త జరిమానాలో ఉన్న లోపము వేరు. అది నదిలో పడిన విషపు బరువును బట్టి పెరుగదు.

ఇవన్నియు కాలము పట్టు పనులు. వెంటనే చేయదగినది ఒకటి కలదు. దానికి కొత్త చట్టము అక్కరలేదు. బి.ఓ.డి. 30 అని చెప్పిన ఆ సాధారణ ప్రమాణముల పట్టికలోనే, కొన్ని వరుసల క్రింద, చేపల పరీక్ష ఒకటి వ్రాసియున్నది. శుద్ధియైన వ్యర్థజలమును ఏమియు కలుపక యథాతథముగా తొట్టిలో పోసి, అందులో చేపలను విడిచి 96 గంటలు చూడవలెను. నూటికి తొంబది బ్రతికియుండవలెను. ఏ రసాయనము ఉన్నదో పేరు చెప్పలేకపోయినను, విషమున్నదీ లేనిదీ ఆ చేపలు చెప్పును. కావలసినది ఒక గాజుతొట్టి, పది చేపలు, నాలుగు దినముల ఓపిక. ఏ డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలోనైనను ఈ పరికరములు ఉన్నవి. మూసీలోనికి నీటిని వదలు ప్రతి గొట్టమువద్దను నెలకొకసారి ఈ పరీక్ష జరిపి, ఎన్ని చేపలు విడిచిరో, నాలుగవ దినమున ఎన్ని మిగిలెనో ఆ గొట్టము ప్రక్కననే పలకమీద తెలుగులో వ్రాసి ఉంచవచ్చును.